కొడుకు కోపం రక్తంలోనే ఉందా? నర్సంపేట తల్లికి నా జవాబు

నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగారు. కొడుక్కి 17 ఏళ్లు. హన్మకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరేడు నెలలుగా సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా చిన్న మాటకే పళ్లెం విసిరేయడం, తలుపులు తన్నడం. మొన్న ఫోన్ దగ్గర గొడవై పదకొండేళ్ల చెల్లెలి చెంప మీద కొట్టాడు. తండ్రి పత్తి, మిర్చి వేసే రైతు. తాగిన రోజు ఆయన కూడా భార్య మీద చేయి చేసుకుంటాడు. "ఇది వాళ్ల రక్తంలోనే ఉన్నదా? కోపం తగ్గే గోలీలు ఉంటయా? చుట్టాలు తాయత్తు కట్టించమంటున్నరు" అని ఆమె ప్రశ్న. చివర్లో, పెద్దగా పట్టించుకోనట్టు ఒక మాట రాశారు: "అన్న వస్తున్నడంటే చిన్నది బ్యాగు సర్దుకుని అమ్మమ్మ ఇంటికి పోత అంటది."

అమ్మా, నేను హన్మకొండలో ఇరవై ఏళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. మీ ప్రశ్న చదివిన దగ్గర్నుంచి ఆ పాప బ్యాగే కళ్ల ముందు తిరుగుతోంది. జవాబు కొంచెం పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

ముందు రక్తం సంగతి. స్వభావంలో కొంత పుట్టుకతో వస్తుంది, నిజమే. కొందరు పిల్లలు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచే తొందరగా ఉలిక్కిపడతారు, ఒకసారి ఏడుపు మొదలుపెడితే ఊరుకోబెట్టడానికి గంట పడుతుంది. కవలల మీద జరిగిన పరిశోధనలు కూడా వారసత్వం పాత్ర ఉందనే చెప్తాయి. కానీ అలా వచ్చేది తొందరగా రాజుకునే గుణం మాత్రమే. రాజుకున్నాక పళ్లెం గోడకేసి కొట్టాలా, బయటికి నడిచి వెళ్లాలా అన్నది చూసి నేర్చుకునేదే. 1961లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బండూరా అనే ఆయన 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. కొందరు పిల్లల ముందు ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను సుత్తితో కొట్టడం, తన్నడం, తిట్టడం చేశారు. తర్వాత ఆ పిల్లల్ని అలాంటి బొమ్మే ఉన్న గదిలో వదిలితే వాళ్లలో చాలామంది అచ్చం అలాగే కొట్టారు, విన్న మాటలే అన్నారు. పెద్ద మనిషి నెమ్మదిగా ఆడుకోవడం చూసిన పిల్లల్లో అలాంటిది చాలా తక్కువ కనిపించింది.

మీ వాడు చెల్లెల్ని కొట్టేటప్పుడు ఏ మాట అన్నాడో ఒకసారి గుర్తు చేసుకోండి. నా దగ్గరికి వచ్చే తల్లుల్ని ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాను. కాసేపు ఆలోచించి, కళ్లు దించుకుని, "వాళ్ల నాయిన మాటే మేడం" అన్నవాళ్లే ఎక్కువ.

అందుకే "వీడు తండ్రి పోలికే" అనే మాట ఇంట్లో మానేయండి. రోజూ అది వినే పిల్లవాడు తన కోపం తన చేతుల్లో లేదని నమ్మేస్తాడు. ఆ నమ్మకం కుదిరాక వాడితో పని చేయడం మాకు చాలా కష్టమవుతుంది.

ఇంకో విషయం. కోపం వేరు, దాడి వేరు. కోపం అందరికీ వస్తుంది, రావాలి కూడా. అన్యాయం జరిగినప్పుడు కోపం రాకపోతే మనిషి బతకలేడు. మనం ఆపాల్సింది విసరడాన్ని, తన్నడాన్ని, కొట్టడాన్ని. "కోపం తగ్గించుకోరా" అని వాడికి వందసార్లు చెప్పి ఉంటారు. ఏం చేయాలో తెలియని సలహా అది. "కోపం వస్తే రానీ, చెయ్యి మాత్రం లేవద్దు" అంటే వాడికి ఒక గీత కనబడుతుంది.

ఆ క్షణంలో వాడి ఒంట్లో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే చాలు, అది మోగడం మొదలుపెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, పళ్లు బిగుసుకుంటాయి, పిడికిళ్లు మూసుకుంటాయి. "ఆగు, ఇది నీ చెల్లెలు" అని చెప్పాల్సింది నుదుటి వెనక ఉండే ముందు భాగం. అది పూర్తిగా తయారవడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. పదిహేడేళ్ల పిల్లవాడిలో మోత మొదలవ్వడం చాలా తొందర, ఆపే చెయ్యి ఇంకా నేర్చుకుంటున్న చెయ్యి. ఇది వాడు చేసిన దాన్ని మాఫ్ చేయడానికి చెప్పడం లేదు. ఆ మంట మీద ఉన్నప్పుడు బుద్ధులు చెప్తే చెవికెక్కవు, అందుకు చెప్తున్నాను. ఒళ్లు మామూలు కావడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. మాట్లాడాల్సింది ఆ తర్వాతే.

ఇక్కడ నిద్ర గురించి అడగాలి. ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన దగ్గర చాలా హాస్టళ్లలో తెల్లవారుజామున ఐదింటికి లేపి రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్ అంటారు. వారం వారం టెస్టులు, మార్కుల లిస్టు గోడ మీద. ఆరు గంటల నిద్రతో నెలల తరబడి గడిపిన పిల్లవాడు ఇంటికొచ్చి మొదటి రెండు రోజులు పడుకోనివ్వకుండా "లే, చదువుకో" అంటే ఏమవుతుంది? దానికి వేసవి తోడవుతుంది. మన వైపు మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, రేకుల ఇల్లయితే రాత్రి కూడా ఉడుకే. వేడికి, చిరాకు పెరగడానికి సంబంధం ఉందని పరిశోధనలు కూడా చెప్తున్నాయి. నిద్ర, ఆకలి, ఎండ ఈ మూడూ సరిచేస్తే సగం గొడవలు తగ్గిన ఇళ్లు నేను చూశాను. మందులేమీ వాడలేదు. ఇంటికి రాగానే రెండు రోజులు ప్రశ్నలు లేకుండా తిననిచ్చి, పడుకోనిచ్చారు, అంతే.

ఇప్పుడు ఫోన్ గొడవ. మీరు రాసిన దాన్ని బట్టి అది ఇలా నడిచి ఉంటుంది. మీరు ఫోన్ పక్కన పెట్టమన్నారు. వాడు "అయిదు నిమిషాలు" అన్నాడు. మీరు పది నిమిషాలకు గొంతు పెంచారు. వాడు ఇంకా పెంచాడు. మీరు ఫోన్ లాక్కుని పాప చేతికిచ్చి లోపల దాచమన్నారు. వాడు తలుపు తన్నాడు, పాపను కొట్టాడు. పాప ఏడ్చింది. మీరు భయపడి "తీస్కపో, ఏమన్న చేస్కో" అని ఫోన్ ఇచ్చేశారు. ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ సాయంత్రం ఎవరు ఏం నేర్చుకున్నారో చూడండి. అడిగితే రానిది కొడితే వచ్చిందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే గొడవ ఆగుతుందని మీరు నేర్చుకున్నారు. ఇద్దరికీ ఆ పూటకు లాభమే, అందుకే మళ్లీ జరుగుతుంది, వచ్చేసారి ఇంకొంచెం పెద్దగా. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికా పరిశోధకుడు ఏళ్ల తరబడి కుటుంబాల ఇళ్లలోకే వెళ్లి, ఎవరు ఏమంటే ఎవరు ఏం చేశారో నిమిషం నిమిషం రాసుకుని ఈ చక్రాన్ని బయటపెట్టాడు. ఇంట్లో దాడి నిలబడేది ఎక్కువగా దీని వల్లే. మీ తప్పు ఎత్తి చూపడానికి కాదమ్మా ఇదంతా. భయపడిన తల్లి ఎవరైనా అదే చేస్తుంది. కానీ చక్రం ఎక్కడ తెగుతుందో కూడా ఇందులోనే ఉంది. తలుపు తన్నిన తర్వాత ఆ రోజుకు ఫోన్ రాకూడదు. తన్నకుండా అడిగిన రోజు, గొణిగినా సరే, ఒప్పుకున్న టైము వాడికి దొరకాలి. రెండోదాన్ని మనవాళ్లు మర్చిపోతారు. పిల్లవాడు నెమ్మదిగా అడిగితే పట్టించుకోం, అరిస్తేనే తల తిప్పి చూస్తాం.

ఇంకొకటి గమనించండి. మీ వాడు "వాడు నన్ను చూసి నవ్విండు", "అది కావాల్నని చేసింది" అనే మాటలు తరచూ అంటాడా? కెన్నెత్ డాడ్జ్ అనే సైకాలజిస్టు 1980లో దీన్ని అబ్బాయిల్లో చూపించాడు. దాడికి దిగే పిల్లలు, అర్థం స్పష్టంగా లేని సంఘటనను కూడా తమ మీద కక్షగానే చదువుతారు. భుజం తగిలితే తోశాడని, పక్కన ఇద్దరు నవ్వుకుంటే తన గురించేనని. కొట్టడం తర్వాత సంగతి. అంతకుముందే మనసులో ఒక తీర్పు అయిపోతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలతో ఆ తీర్పు దగ్గరే పని చేస్తాను. "వాడు నవ్వడానికి ఇంకో మూడు కారణాలు చెప్పు" అంటాను. మొదట విసుక్కుంటారు. నాలుగైదు వారాలకు వాళ్లే చెప్పడం మొదలుపెడతారు.

కోపాన్ని లోపల దాచుకుంటే పేలుతుంది, బయటికి కక్కేయాలి అని చాలామంది అనుకుంటారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే నమ్మాను. కాజీపేట వైపు నుంచి ఒక పదహారేళ్ల అబ్బాయిని తీసుకొస్తే, ఇంట్లో ఇసుక సంచి వేలాడదీసి కోపం వచ్చినప్పుడు దాన్ని కొట్టమని చెప్పాను. రెండు నెలల తర్వాత తల్లి వచ్చింది. కొట్లాటలు పెరిగాయంది. ఆ సంచి మీద వాడు తమ్ముడి పేరు సుద్దముక్కతో రాసుకున్నాడట. ఆ మాట వింటుంటే నా చేతులు చల్లబడ్డాయి. తర్వాత చదివితే తెలిసింది. బ్రాడ్ బుష్‌మన్ 2002లో 600 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన పరిశోధన అప్పటికే ఉంది. తమను అవమానించిన మనిషిని తలుచుకుంటూ సంచిని కొట్టినవాళ్లకు కోపం అందరికంటే ఎక్కువైంది, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లలో దాడి గుణం అందరికంటే తక్కువ కనిపించింది. కొడుతూ ఉంటే కొట్టడమే అలవాటవుతుంది. ఆ తల్లికి క్షమాపణ చెప్పి, సంచి దింపించాను. ఆ అబ్బాయితో మళ్లీ మొదటి నుంచి పని చేశాం. మీ చుట్టుపక్కల ఎవరైనా దిండును కొట్టమనో, పాత సామాను పగలగొట్టమనో సలహా ఇస్తే వినకండి. చెరువు కట్ట మీద నడవడం, క్రికెట్ ఆడటం వేరు. వాటిలో ఎవరినీ తలుచుకుని కొట్టే పని లేదు.

గొడవ మొదలైన క్షణంలో మీరు చేయాల్సింది తక్కువే. పాపను ముందు పక్కింటికి పంపండి. వాడికి తలుపు దారి వదలండి, గుమ్మంలో అడ్డం నిలబడకండి. దారి మూసుకుపోయినప్పుడే మనిషి మీద పడతాడు. మీ గొంతు తగ్గించండి, మాటలు తగ్గించండి. "ఇప్పుడు మాట్లాడుకోవద్దు, అన్నం తిన్నాక మాట్లాడుకుందాం" చాలు. మీద పడితే బయటికి వచ్చేయండి, ఇరుగుపొరుగును పిలవండి. ఆపలేని పరిస్థితి అయితే 112కు ఫోన్ చేయండి. కన్నకొడుకు మీద పోలీసులకు ఫోనా అని మీ మనసు కొట్టుకుంటుంది, నాకు తెలుసు. ఎవరూ గాయపడకపోవడం ముందు.

ఈ రోజే ఒక పని చేయండి. కొడవళ్లు, గొడ్డలి, మరీ ముఖ్యంగా పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసి తాళం వేసిన చోట పెట్టండి. తాళంచెవి మీ దగ్గర ఉండాలి. ఆవేశంలో ఎదుటివాళ్ల మీదికి లేచే చెయ్యి, అదే ఆవేశంలో తన మీదికి తిరగడానికి ఎంతోసేపు పట్టదు. పరీక్షల ముందు, రిజల్ట్ వచ్చే రోజుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఇది కోపమేనా, ఇంకేదైనా జబ్బా అన్న ప్రశ్న. మీరు "ఆరేడు నెలలుగా" అన్నారు, అది నన్ను ఆపింది. చిన్నప్పటి నుంచీ దుడుకుగా ఉన్న పిల్లవాడు వేరు, నెమ్మదిగా ఉన్నవాడు ఉన్నట్టుండి మారడం వేరు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిందా? ఫిట్స్ ఉన్నాయా, వాటికి మందులు వాడుతున్నాడా? ఫిట్స్ మందుల్లో కొన్నింటికి చిరాకు పెంచే గుణం ఉంటుంది. అయితే డాక్టర్ని అడగకుండా మాత్రం ఆపకూడదు. గంజాయి అలవాటైందా? తిండి తగ్గిందా, స్నేహితులకు దూరమయ్యాడా, రాత్రంతా మేలుకుంటున్నాడా? మగపిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనిపించదు, చిటపటలాడటంగా కనిపిస్తుంది. తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారనడం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. బయల్దేరే ముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, ఏ వేళలో చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మానసిక జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేది చాలాసార్లు వాళ్లే. కాబట్టి పరీక్ష చేయించడం అంటే వాడి మీద ముద్ర వేయడం కాదు.

గోలీల గురించి అడిగారు. కోపానికంటూ ప్రత్యేకంగా గోలీ లేదు. వెనక డిప్రెషనో, ఫిట్సో, ఇంకో జబ్బో ఉంటే దానికి మందు ఇస్తారు, దాంతో కోపమూ తగ్గుతుంది. మెడికల్ షాపులో నిద్రగోలీలు కొని అన్నంలో కలిపి పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఒకసారి బయటపడితే మీ చేతి అన్నాన్ని కూడా వాడు నమ్మడు. తాయత్తు కట్టించాలని మీకుంటే కట్టించండి, నేను వద్దనను. డాక్టర్ దగ్గరికి పోయే రోజు మాత్రం దానికోసం వాయిదా వేయకండి. గాలి సోకిందని కొట్టేవాళ్ల దగ్గరికి, పొగ పెట్టేవాళ్ల దగ్గరికి అస్సలు తీసుకుపోకండి.

మీ ప్రశ్నలో మీరు పెద్దగా రాయనిది మీ ఆయన గురించి. నాకు మాత్రం ఈ ఇంటి కథకు మూలం అక్కడే కనిపిస్తోంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకుపోయి, ఎండలో పడిగాపులు కాసి, అనుకున్న రేటు రాక తిరిగొచ్చే రైతు కడుపులో ఎంత మంట ఉంటుందో నాకు తెలుసు. మాదీ వ్యవసాయ కుటుంబమే. చేతికి అందబోయేది అందకుండా పోయినప్పుడు మనిషి దాడికి దిగుతాడని 1939లోనే యేల్ యూనివర్సిటీ వాళ్లు ఒక సిద్ధాంతం రాశారు. తర్వాతివాళ్లు దాన్ని సరిచేశారు. ఆశాభంగం చేదును పుట్టిస్తుంది, ఆ చేదు ప్రతిసారీ దాడిగా మారాలని లేదు అన్నారు. మీ ఇంట్లోనే చూడండి. రేటు కోసిన అడ్తిదారు (మార్కెట్లో కమిషన్ ఏజెంటు) మీద ఆయన చెయ్యి లేవలేదు. అక్కడ దండం పెట్టి వచ్చారు. దారిలో మందు షాపు దగ్గర ఆగారు. ఇంటికొచ్చాక మీ మీద లేచింది. అంటే అదుపు ఉంది. ఎవరి దగ్గర వదిలితే ఏమీ కాదో ఆయనకు తెలుసు. తాగుడు ఆ అదుపును ఇంకా పలచన చేస్తుంది, నిజమే, కానీ తాగినప్పుడు కూడా అడ్తిదారు ఇంటికి పోయి ఆయన ఎవరినీ కొట్టలేదు. మీ వాడు పదిహేడేళ్లుగా చూసింది ఇదే. వాడు కూడా హాస్టల్ వార్డెన్ మీద పళ్లెం విసరలేదు కదా? చెల్లెలి మీద చెయ్యి ఎత్తాడు.

తండ్రి మారకుండా కొడుకును మార్చమని నా దగ్గరికి తెచ్చేవాళ్లకు నేను నిజం చెప్తాను. చాలా కష్టం. ఆయన్ని కూడా తీసుకురండి. ఆయన రోజూ తాగే మనిషి అయితే మాత్రం ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. మానేసిన కొన్ని గంటల నుంచి నాలుగో రోజు లోపల చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. దానికి ఆస్పత్రిలో వైద్యం ఉంది. మత్తుమందు కలిపిన కల్లు అలవాటైనవాళ్లకు కూడా ఇదే ప్రమాదం. కల్లు దొరకని రోజు ఎగబడి కొట్టే మనుషుల్ని మన తెలంగాణ పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు.

ఆయన రాకపోతే? మారనంటే? అప్పుడు మీరు దెబ్బలు తింటూ కూర్చోవాలని ఏ చట్టంలోనూ లేదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లోనే వచ్చింది. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం మీకు దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. "పిల్లల కోసం సర్దుకుపోతున్న" అని మీరు అనుకుంటుండవచ్చు. ఆ సర్దుకుపోవడాన్ని ఇద్దరు పిల్లలూ చూస్తున్నారు. ఒకరు కొట్టడం నేర్చుకుంటున్నారు, ఒకరు బ్యాగు సర్దుకోవడం.

కొడుకుతో మీరు మొదలుపెట్టగలిగింది ఒక నోటుబుక్కు. గొడవ జరిగిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత వాడికి ఏం దక్కింది. నిద్ర ఎన్ని గంటలు పోయాడో పక్కన వేయండి. మూడు నాలుగు వారాలకు అందులో ఒక వరస కనిపిస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి. మీరు చెప్పే పది మాటలకంటే అది బాగా చెప్తుంది. వాడు నెమ్మదిగా ఉన్న పూట, పొలం గట్టు మీదో బండి మీద పోతున్నప్పుడో, మొహంలోకి చూడకుండా పక్కపక్కన ఉన్నప్పుడు మాట్లాడండి. మగపిల్లలు అలాగే నోరు విప్పుతారు. "నీకు కోపం వచ్చేముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తది?" అని అడగండి. కొందరు చెవులు వేడెక్కుతాయంటారు, కొందరు దవడ అంటారు. ఆ గుర్తు కనిపించగానే లేచి బయటికి పోవడం, ఊపిరి లోపలికి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలడం, "వీళ్లు నా శత్రువులు కాదు" లాంటి ఒక మాట తనలో తాను అనుకోవడం. రేమండ్ నొవాకో 1975లో మొదలుపెట్టిన పద్ధతిలోని ముక్కలే ఇవన్నీ, నేటికీ మేము నేర్పేవి ఇవే. బయటికి పోయినప్పుడు వెనక నుంచి "యాడికి పోతున్నవ్ రా, నేను మాట్లాడుతుంటే" అని పిలవకండి. పోవడమే వాడు నేర్చుకుంటున్న పాఠం. విరగ్గొట్టిన దాన్ని వాడితోనే బాగు చేయించండి. ఆ తలుపు గడియ వాడే బిగించాలి. దెబ్బకు దెబ్బ మాత్రం వద్దు.

ఒక్క సంగతి ముందే చెప్తాను, లేకపోతే మీరు మధ్యలో వదిలేస్తారు. ఇన్నాళ్లూ పనిచేసిన అరుపు ఇప్పుడు పనిచేయకపోతే మొదటి వారం రెండు వారాలు వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. అది చూసి లొంగిపోతే ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే. పాపను, మిమ్మల్ని కాపాడుకునే ఏర్పాటు ముందే చేసుకుని ఆ రెండు వారాలు దాటించండి.

వీటన్నిటికంటే ముందు, ఈ రాత్రే, పాప పక్కన పడుకోండి. "అన్న నిన్ను కొట్టింది తప్పు. నీకు ఫోన్ ఇచ్చి దాచమన్నది నేను, అది నా తప్పు. ఇంకోసారి నిన్ను మా మధ్యకు తేను" అని చెప్పండి. బ్యాగులో ఏమేం పెట్టుకుందో అడగండి, తీసి చూపిస్తుంది. మళ్లీ సర్దుకుంటానంటే సర్దుకోనివ్వండి, అమ్మమ్మ ఇంటికి మీరే దింపి రండి. ఆ బ్యాగు అల్మరాలోకి ఎప్పుడు పోవాలన్నది తనే చెప్పాలి.